గోరింటాకు అంచు

అరచెయ్యి చూసి జరగబోయేది చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. చెయ్యి తిరగేసి జరిగిపోయింది చెప్పగల మనిషి మాత్రం విశాఖపట్నంలో ఒక్కత్తే ఉండేది. ఆమె పేరు వకుళ. నలభై రెండేళ్ళు, దళసరి కళ్ళద్దాలు, ఎవరితో మాట్లాడుతున్నా మొహం వదిలేసి వాళ్ళ వేళ్ళకేసి చూసే అలవాటు. ఒకప్పుడు పెళ్ళిచూపులకొచ్చిన ఒకాయన ఈవిడ తన ఉంగరం చూసి ముచ్చటపడుతోందనుకుని మురిసిపోయి, సంగతి తెలిశాక రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడని ఆమె పనిచేసే విశ్వవిద్యాలయంలో చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆమె తయారుచేసిన యంత్రం పేరు నఖలేఖ. చూడ్డానికి ఇడ్లీపాత్రంత ఉంటుంది. ముందువైపు ఒక కన్నం. బొటనవేలు అందులో పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే చాలు. గోరు మొదట్నించి చివరికి పెరుగుతుంది గదా, ఏ రోజు పుట్టిన పొరలో ఆ రోజు నెత్తుట్లో తిరిగినవాటి జాడ మిగిలిపోతుంది. యంత్రంలోని వెలుగు ఆ పొరల్ని ఒక్కొక్కటే చదివి, ఈ మనిషి ఫలానా మందు ఎప్పుడు మొదలెట్టాడో, ఎప్పుడు ఎగ్గొట్టాడో చెప్పేస్తుంది. డాక్టరు ముందు "రోజూ వేసుకుంటున్నానండీ" అని బొంకే రోగుల కోసం చేసిందామె దాన్ని. మొట్టమొదట తన వేలే పెట్టి చూసుకుంటే, మానేశానని అందరికీ చెప్పుకున్న కాఫీ బయటపడింది. అప్పుడు నమ్మింది తన యంత్రాన్ని.

ఇలాంటి యంత్రానికి సీసాల వ్యాపారంతో ఏం పని? ఆ పని తెచ్చిపెట్టింది ప్రభుత్వం వేసిన ఒక విచారణ సంఘం.

తేజోమూల అని ఒక కంపెనీ. ఏదో అడవివేరు కషాయం సీసాల్లో పోసి అమ్ముతుంది. దుకాణాల్లో దొరకదు. కంపెనీలో చేరి కొనాలి, చేరినవాళ్ళు ఇంకొకళ్ళని చేర్చాలి, వాళ్ళు మరొకళ్ళని. కిందివాళ్ళు కొనే ప్రతి సీసాలోనూ పైవాళ్ళకి వాటా. ఎంతమందిని చేర్చారన్న దాన్నిబట్టి ముత్యం, పగడం, వజ్రం అని హోదాలు. ఇది నిజమైన వ్యాపారమా, లేక చిట్టచివర చేరినవాళ్ళ నెత్తిన కూలే గొలుసా తేల్చమని ఫిర్యాదులు వెళ్ళాయి. కంపెనీ వకీలు తొణక్కుండా జవాబు చెప్పాడు. "మా సభ్యులంతా మొదట మా సరుకు వాడినవాళ్ళే. దుకాణాల్లో లేకపోయినా పార్సిల్లో తెప్పించుకుని వాడారు. గుణం కనిపించింది, చేరారు. మూడు నెలలుగా వాడుతున్నామని చేరేటప్పుడు ఫారం మీద సంతకం కూడా పెట్టారు."

అంటే తేలాల్సింది ఒకటే. గొంతు ముందా, సంతకం ముందా? తాగి, నచ్చి చేరారా? లేక చేరడానికని కొని, కొన్న పాపానికి తాగారా? మొదటిదైతే ఆ సరుక్కి గిరాకీ ఉన్నట్టే, వ్యాపారం ఉన్నట్టే. రెండోదైతే ఆ సీసా లోపలికి పోనివ్వడానికి ఇచ్చే టిక్కెట్టు, అంతే. ఎవరెప్పుడు చేరారో కంపెనీ దస్తావేజుల్లో ఉంది. ఎవరెప్పుడు తాగడం మొదలెట్టారో గోళ్ళలో ఉంది. మూడు వారాల్లో చదివి చెప్పమని సంఘంవారు వకుళకి ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు వకుళ ఒక మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాళ్ళక్క రత్నావళి తేజోమూలలో పగడం.

రత్నావళి చెల్లెలి కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. సామర్లకోటలో ఉంటుంది. తండ్రి పోయాక తన చదువు పదో తరగతితో ఆపేసి, జాకెట్లు కుట్టి వకుళని చదివించింది. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ ఎత్తేది కాదు, వకుళ ఎన్నడూ మరిచేది కాదు. కిందటి భాద్రపదంలో అక్క ఒక సీసా పట్టుకుని విశాఖపట్నం వచ్చింది.

"నువ్వు సైంటిస్టువి గదే, ఇందులో చేరమని చంపుతున్నారు మా వీధిలోవాళ్ళు. ఈ సీసా నీ దగ్గరే ఉంచుకుని, మంచిదో కాదో కాస్త చూసి చెప్పు. నువ్వు వద్దంటే చేరను."

వకుళ అప్పుడు బెంగుళూరు సదస్సుకి పెట్టె సర్దుకుంటోంది. కారు గుమ్మంలో ఆగి హారను కొడుతోంది.

"సరేలే అక్కా, చూస్తాలే" అంది.

చూడలేదు. అక్క ఆ "సరేలే"ని పట్టుకుని ఇంటికెళ్ళి వారంలో చేరిపోయింది.

చేరాక రత్నావళి మనిషే మారిపోయింది. ముప్ఫై ఏళ్ళు మిషను మీద వంగి కూర్చున్న మనిషిని "పగడం మేడం" అని పిలిచి, వేదికెక్కించి, దండేసి మైకిచ్చారు. ఆవిడ రాగానే పాతికమంది ఆడవాళ్ళు లేచి నిలబడేవారు. ఫోనులో అక్క గొంతు వింటే వకుళకి ఆనందంగా ఉండేది, భయంగానూ ఉండేది. ఆ భయాన్ని ఆమె తరచి చూసుకోలేదు.

సామర్లకోటలో గోళ్ళు చదివే శిబిరం మాఘమాసంలో పెట్టారు. వకుళ జ్వరం వంక పెట్టి ఆగిపోయింది. యంత్రం బాగోగులు చూసే ఇంజనీరు నూకరాజు వెళ్ళి నూట ఎనభై నాలుగు మంది ఆడవాళ్ళ గోళ్ళు చదివించుకొచ్చాడు. పేర్లు లేవు, ఒక్కొక్కరికి ఒక అంకె, దాని పక్కన చేరిన తేదీ. ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది.

"మీవాళ్ళు నా వేలు కూడా పెట్టించుకున్నారే! నూకరాజు గారంట, ఎంత మర్యాదస్తుడో. ఇంక మాది మంచి కంపెనీయో కాదో నీ మిషనే చెప్తుంది గదా. నువ్వు కాదంటే రేపే మానేస్తా. ఒట్టు."

"చూద్దాంలే అక్కా" అంది వకుళ మళ్ళీ.

వచ్చిన చిక్కల్లా వేగం. ఒకరి గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరిగితే ఇంకొకరిది రెండే పెరుగుతుంది. కషాయం జాడ గోటి మొదట్నించి ఎంత దూరంలో మొదలైందో యంత్రం చూపిస్తుంది గానీ, ఆ దూరం ఎన్ని నెలలకి సమానమో తెలియాలంటే ఆ మనిషి గోటి వేగం తెలియాలి. మామూలుగా అయితే నెల ఆగి అదే వేలు మళ్ళీ చదువుతారు. సంఘం ఇచ్చిన గడువులో అంత వ్యవధి లేదు. వారం రోజులు ఇద్దరూ తలలు పట్టుకున్నారు.

"మేడం, ఇది చూశారా?" అన్నాడు నూకరాజు ఒక మధ్యాహ్నం, టీ గ్లాసు పక్కన పెట్టి. "నూట డెబ్భై మందికి గోరు పై భాగం ఎర్రగా ఉంది, కింద తెల్లగా ఉంది. ఎరుపు ఎక్కడ ఆగిందో అక్కడ గీసినట్టు అంచుంది."

వకుళ తెర దగ్గరికొచ్చి చూసి, పక్కున నవ్వింది.

"గోరింటాకండీ బాబూ! మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

"ఉన్నారండి. వాళ్ళ గోళ్ళు చూసే తీరిక మనకెక్కడ?"

"ఆషాఢంలో పెట్టుకున్నది. పెట్టుకున్న రోజున గోరంతా పండుతుంది. తర్వాత పెరిగిన గోరు తెల్లగా వస్తుంది. ఆ అంచు ఇప్పుడు సగం దాటి పైకొచ్చింది. ఆషాఢం నుంచి ఇప్పటికి ఆరున్నర నెలలు. ఇంత దూరానికి ఇన్ని నెలలు. ఎవరి వేగం వాళ్ళ గోరే చెప్పేస్తోంది, నూకరాజు గారూ! నెల ఆగక్కర్లేదు."

ఆ ఉపాయం ఆమెకే ఎంత నచ్చిందంటే, కుర్చీలో కూర్చోలేక గది ఆ చివర్నించి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగింది. ప్రపంచంలో ఏ ప్రయోగశాలకీ తట్టని ఉపాయం, మన ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది! నూకరాజు మాత్రం కాగితం మీద ఏదో గీసుకుంటూ ఉండిపోయాడు.

"బాగుంది గానీ మేడం, మరీ నెమ్మదిగా పెరిగినట్టు లేదూ? మామూలు గోరు దీనికి దగ్గర దగ్గర రెట్టింపు పెరగాలి."

"పొద్దస్తమానం అంట్లు, బట్టలు, నీళ్ళలో నానే చేతులు. ఒంట్లో రక్తం తక్కువ. పెరగవు."

"నూట డెబ్భై మందికీనా?"

"ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని ఆడది మన జిల్లాల్లో ఉంటుందా?" అంది వకుళ, అక్కర్లేనంత గట్టిగా.

అతను అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నూకరాజు పెద్దామె కదా అని ఊరుకున్నాడు. వకుళ ఎందుకు ఊరుకుందంటే, తెర మీద లెక్కలు అప్పటికే తేలుతున్నాయి. ఆ లెక్కల్లో అక్క బతికి బయటపడుతోంది. సభ్యుల్లో చాలామంది అయిదు నెలల కిందట చేరారు. కషాయం జాడ తొమ్మిది నెలల కిందటే మొదలైంది. నూట డెబ్భైలో నూట ముప్ఫై ఒక్కమందికి గొంతే ముందు. తాగి, బాగుండి, చేరారు. వకుళ గుండెల మీదనుంచి బండ దించినట్టయింది. ఆ సాయంత్రమే నివేదిక పంపేసింది.

నెల తిరక్కుండా ఆ నివేదిక కరపత్రమై ఊళ్ళ మీద పడింది. పైన నఖలేఖ బొమ్మ, కింద పెద్దక్షరాల్లో "సైన్సు తేల్చిన నిజం." అక్క ఫోనులో ఏడ్చినంత పని చేసింది.

"నా చెల్లెలు చేసిందని ఎవరికీ చెప్పలేదే, నీకు మాటొస్తుందని. కాయితం ఒకటే చూపిస్తున్నా. చూపిస్తే చాలు, మారు మాటాడకుండా చేరిపోతున్నారు. ఇంకొద్ది మంది వస్తే వజ్రం!"

మర్నాడు పొద్దున్న వంట చేసే పైడమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు అందుకుంటూ వకుళ ఆవిడ చెవులకేసి చూసింది. కమ్మలు లేవు. చీపురుపుల్లలు గుచ్చుకుని ఉంది.

"కమ్మలేవి పైడమ్మా?"

"సేరిపోనానమ్మా తేజోమూలలో" అంది పైడమ్మ సంబరంగా. "మీ మిసను బాగుందని సెప్పిందంట కదేటి? మీ మిసను బొమ్మ సూసి మా పేటలో పదిమంది సేరినారు. నాకూ నలుగురు దొరికితే సాలు, కమ్మలేటి, గాజులే సేయించుకుంటాను."

కాఫీ చల్లారిపోయింది. వకుళ దాన్ని అలాగే తాగింది. తను రాసింది నిజమే అయినప్పుడు పైడమ్మ చెవులకేసి మళ్ళీ ఎందుకు చూడలేకపోతోందో ఆమెకి అర్థం కాలేదు.

ఫాల్గుణంలో ఒక ఆదివారం సామర్లకోట వెళ్ళింది. వచ్చే శనివారం కల్యాణమండపంలో అక్కకి వజ్రం ఇస్తున్నారు, దానికి ముందు చెల్లెలికి చేత్తో వండి పెట్టాలని అక్క పట్టుబట్టింది. ముందుగదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, దానిపైన సీసాల పెట్టెలు పేర్చి ఉన్నాయి. వంటింట్లోంచి పనసపొట్టు కూర వాసన వస్తోంది. బావగారు బియ్యం మిల్లు నుంచి ఇంకా రాలేదు.

గోడకి ఒక కొత్త ఫొటో పటం కట్టి ఉంది. మండపం మెట్ల మీద వరసలుగా ఆడవాళ్ళు, దగ్గర దగ్గర రెండువందల మంది. అందరూ చేతులు ముందుకు చాపి, వేళ్ళు విప్పి, కెమెరాకి చూపిస్తున్నారు. ప్రతి చెయ్యీ ఎర్రగా పండి ఉంది. గోళ్ళు మొదళ్ళదాకా ఎరుపే.

"అక్కా, ఇదెప్పటిది?"

"ఏది? అదా?" రత్నావళి గరిటె పట్టుకునే గుమ్మంలోకొచ్చింది. "అట్లతద్దికి. కంపెనీవాళ్ళు చేశారుగా సంబరం. ముందురోజు సాయంత్రం అందరికీ గోరింటాకు, తెల్లారగట్ల భోజనాలు, ఉయ్యాలలు. కుడివైపు చివర నేనే, చూడు."

వకుళ చూడటం లేదు. ఫొటో కింద తేదీ చదువుతోంది. ఆశ్వయుజం. అక్టోబరు మధ్య.

"ఆషాఢంలో పెట్టుకోలేదా మీరు?"

"పెట్టుకోకేం? అది ఎప్పుడో చివరికొచ్చి కత్తిరించుకుపోయింది గదే. దాని తర్వాత మళ్ళీ ఇది. ఏం, అట్లతద్దికి గోరింటాకు పెడతారని మర్చిపోయావా? చిన్నప్పుడు నేను పెడితే చెయ్యి కడుక్కోకుండా పడుకుని, పక్కంతా ఖరాబు చేసేదానివి."

మర్చిపోయింది. పదిహేనో ఏట హాస్టలుకెళ్ళాక ఆషాఢం ఒకటే మిగిలింది, అదీ గదిలో పిల్లలు పెట్టుకుంటుంటే. ఆ పండుగ ఊసే బుర్రలోంచి పోయింది. ఏ చేత్తో అక్క ఆమెకి గోరింటాకు పెట్టిందో ఆ చెయ్యి కూడా ఆ నూట ఎనభై నాలుగింట్లో ఉంది, అయినా తట్టలేదు.

వకుళ మనసులోనే లెక్క మళ్ళీ వేసింది. ఆరున్నర నెలలనుకున్నది మూడున్నర నెలలే. గోళ్ళు నెమ్మదిగా పెరగలేదు, మామూలుగానే పెరిగాయి. అప్పుడు ప్రతి తేదీ దగ్గర దగ్గర సగానికి ఇవతలికి జరుగుతుంది. తొమ్మిది నెలల కిందట తాగారని రాసినవాళ్ళు అయిదు నెలల కిందట తాగారు. చేరిందీ అయిదు నెలల కిందటే.

"అక్కా, నువ్వు మొదటిసారి ఆ కషాయం ఎప్పుడు తాగావు?"

"చేరిన నాలుగోనాడు. పెట్టె ఇంటికి రావాలి గదా తాగడానికి?"

"మరి ఫారంలో మూడు నెలలుగా వాడుతున్నానని సంతకం..."

"ఆ ఫారం ఇంగ్లీషులో ఉందే. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో టిక్కు పెట్టి ఇచ్చారు. పెట్టాను."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా?" అంది రత్నావళి.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే వకుళకి నిలువునా తగిలింది. అన్ని గోళ్ళు చదివింది, అన్ని పొరలు లెక్కపెట్టింది, సొంత అక్కకి ఒక్క ఫోను చేసి ఒక్క ముక్క అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో ఎక్కడో తెలుసు కాబట్టే అడగలేదు. జ్వరం వంకా అందుకే, నూకరాజు మీద విసుగూ అందుకే.

కంచాలు పెట్టకముందే చెప్పేసింది. గోరింటాకు సంగతి, వేగం సంగతి, తప్పు ఎక్కడ పడిందో అంతా. అక్కకి లెక్క అర్థం కాదేమోనని రెండోసారి మొదలెట్టబోయింది.

"అర్థమైందిలే" అంది రత్నావళి. "జాకెట్టు కొలత తప్పు తీస్తే కుట్టంతా తప్పే గదా. అంటే ఇప్పుడు కాదంటున్నావు."

"కాదంటున్నానక్కా. అది వ్యాపారం కాదు. బయటివాళ్ళెవరూ తాగడం లేదు. చేరినవాళ్ళే కొంటున్నారు, చేరినందుకే తాగుతున్నారు. కొత్తవాళ్ళు దొరకని రోజున అడుగునున్న వాళ్ళకి పెట్టెలే మిగులుతాయి."

"మొన్న ఔనన్నావు."

"అన్నాను" అంది వకుళ.

"నీ కాయితం వచ్చాక నూట పన్నెండు మందిని చేర్చాను" అంది అక్క. గొంతు పైకి లేవలేదు. "ఇల్లిల్లూ తిరిగి, చేత్తో పట్టుకుని చూపించాను. కాసులమ్మ లేదూ, పెసరట్ల బండి, అది వద్దు వద్దంటే రెండు గంటలు కూర్చుని ఒప్పించాను." చేతిలో గరిటె కింద పెట్టింది. "ఒకటి చెప్పు. ఆ తప్పు నాకోసం చేశావా?"

"కావాలని చెయ్యలేదు. నూకరాజు గారు అడిగారు, మరీ నెమ్మదిగా లేదా అని. నాకు వినబుద్ధి కాలేదు."

"నాకోసమే."

"నీకోసమే అక్కా."

రత్నావళి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపి, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కంచం పెట్టి అన్నీ వడ్డించింది, పక్కన మాత్రం కూర్చోలేదు. వకుళ బయల్దేరుతుంటే స్టేషనుదాకా రాలేదు. ఇరవై ఏడేళ్ళలో అక్క సాగనంపకుండా ఆమె ఆ ఊరు దాటడం అదే మొదలు. గుమ్మంలోంచి ఒక్క మాట మాత్రం అంది.

"శనివారం నువ్వు రాకు."

సోమవారం వకుళ సంఘానికి రెండో నివేదిక పంపింది. తప్పెక్కడ జరిగిందో రాసింది. అక్క సంగతి దాచానని రాసింది. నూకరాజు హెచ్చరిస్తే వినలేదని కూడా రాసింది. అది చదివి నూకరాజు "ఆ వాక్యం తీసెయ్యండి మేడం" అన్నాడు. తియ్యలేదు. బుధవారానికల్లా విశ్వవిద్యాలయంవారు ఆమెని పనిలోంచి ఆపి, నఖలేఖకి తాళం వేసి లక్క ముద్ర కొట్టారు. కంపెనీకి చీమ కుట్టినట్టయినా లేదు. మొదటి నివేదిక సైన్సు, రెండోది ఎవరో బెదిరించి రాయించినది అని చెప్పుకుంది. కరపత్రాలు అవే పంచింది.

శనివారమంతా వకుళ ఇంట్లో కూర్చుని ఫోనుకేసి చూసింది. అక్క చెయ్యలేదు. కబురు ఆదివారం పొద్దున్న పైడమ్మతో వచ్చింది. కంపెనీ బస్సులో సామర్లకోట వెళ్ళిందట సభకి. ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడే మాట్లాడే మనిషి ఆ రోజు వంటింటి గడప మీద చతికిలబడి చెప్పింది.

"మీ అప్పగారికి దండేసినారమ్మా. కిరీటమెట్టినారు. మైకిచ్చినారు. అందరూ సప్పట్లు. ఆయమ్మ కిరీటం తీసి బల్ల మీదెట్టేసి, 'నాను సేరినాకే తాగినాను. సేరకముందు తాగినోలు మీలో ఎవరైనా ఉంటే సెయ్యెత్తండి' అన్నాది."

"ఎత్తారా?"

"ఎవులెత్తుతారమ్మా? అయిదొందలమందున్నాం. నాను ఎనక్కి తిరిగి సూసినాను. ఒక్క సెయ్యి నేవనేదు. పక్కనున్నామె నన్ను సూసింది, నాను ఆమెని సూసినాను. తరవాత మైకాపేసి, మీ అప్పగారిని రెక్కట్టుకుని దింపేసినారు. పాట ఏసేసినారు." పైడమ్మ చీపురుపుల్ల మీద వేలు పెట్టుకుంది. "మీ మిసను ఏటి సెప్పిందో నాకు తెల్దు. ఎవులూ సెయ్యెత్తకపోడం సూసినాను. నా కమ్మలు పోనాయని అప్పుడే తెలిసిపోయింది."

పైడమ్మ లేచి బియ్యం కడిగింది.

ఆ తర్వాత తేజోమూల సామర్లకోటలో నీరసించింది గానీ చావలేదు. పక్క ఊళ్ళకి వెళ్ళింది. విచారణ సంఘం ఇంకా విచారిస్తూనే ఉంది. రత్నావళిని మాత్రం ఇటు కంపెనీ తిట్టింది, అటు వీధీ తిట్టింది. వజ్రం అందాక కిందివాళ్ళ నోట్లో మట్టి కొట్టిందన్నారు కొందరు. మిషను మీద దుప్పటి తీసి మళ్ళీ జాకెట్లు మొదలెడితే, గుడ్డ ఇచ్చేవాళ్ళు సగమయ్యారు. ఆ నాలుగు నెలలూ చెల్లెలితో మాట్లాడలేదు. జ్యేష్ఠం వెళ్ళాక ఒకరోజు ఫోను చేసింది.

"నూట పన్నెండు ఇళ్ళకీ వెళ్ళి చెప్పుకుంటున్నా. నలభై అయ్యాయి. మిగతావాటికి నువ్వూ రా. మిషను వద్దు, నువ్వు రా చాలు."

వకుళ ఆ సాయంత్రమే రైలెక్కింది.

అక్క ముందు, చెల్లెలు వెనక, ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గుమ్మంలో వకుళ అదే మాట చెప్పింది. "ఆ కాగితం రాసింది నేనే. అది తప్పు. క్షమించండి." కొందరు లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చారు. కొందరు తలుపు తియ్యలేదు. ఒకావిడ వేలు చాపి, "ముందు బాగుందని మీరే అన్నారు, ఇప్పుడు బాగోలేదని మీరే అంటున్నారు, ఏదో ఒకటి తేల్చి మళ్ళీ రండి" అంది. వకుళ దానికీ తల ఊపింది.

కాసులమ్మ ఇల్లు వచ్చేసరికి రత్నావళి వెనక్కి తగ్గి చెల్లెల్ని ముందు నడవమంది. కాసులమ్మ పెరట్లో రోటి దగ్గర కూర్చుని గోరింటాకు రుబ్బుతోంది. ఆషాఢం వచ్చి మూడో రోజు. గోడ పక్కన పెట్టెలు, వాటి మీద పెసరట్ల పెనం బోర్లించి ఉంది. బండి లేదు. వకుళ తన మాట చెప్పి, రోట్లో గోరింటాకు చూసి, తప్పు దాని తేదీ దగ్గరే పడిందని కూడా చెప్పింది. కాసులమ్మ పొత్రం ఆపలేదు.

"కాయితం తప్పో ఒప్పో నాకేం తెలుస్తాదండి, చదువొచ్చా ఏమన్నానా?" అంది వకుళకేసి చూడకుండానే. తర్వాత రత్నావళికేసి చూసింది. "నేను నీ మొహం చూసి చేరేను. నీ చెల్లి కాయితం చూసి కాదు."

రత్నావళి ఇన్ని ఇళ్ళలోనూ ఏడవలేదు. అక్కడ, ఆ రోటి పక్కన, నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. వకుళ ఆవిడ భుజం పట్టుకోబోయి, పట్టుకునే హక్కు తనకుందో లేదో తెలియక ఆగిపోయింది. కాసులమ్మ పోనీలే అనలేదు. తనూ ఏడవలేదు. పొత్రం పట్టిన చేతికి అంటిన ముద్దని దులిపి, కాసేపు ఆ ఏడుపు చూస్తూ కూర్చుంది.

"ముత్తైదువ్వి, ఆషాఢంలో ఇంటికొచ్చి ఉత్తచేతుల్తో పోకు. చెయ్యి ఇలా తే" అంది చివరికి.

రత్నావళి చెయ్యి చాపింది. కాసులమ్మ ఒక్కో గోటికీ ముద్ద పెట్టి వేలితో అదిమింది. అది అయ్యాక వకుళకేసి తిరిగింది.

"మీరూ తెండి. కుడిచెయ్యి."

వకుళ కూర్చుని చెయ్యి చాపింది. చల్లగా తగిలింది. చిన్నప్పటి ఆ పచ్చి వాసన ముక్కుకి కొట్టగానే కళ్ళద్దాలు మసకబారాయి.

"సంచీలో పుస్తకం ఉందాండి?" అంది కాసులమ్మ, బొటనవేలి గోరు మీద ముద్ద గట్టిగా నొక్కుతూ.

"ఉంది."

"అయితే ఇయ్యాళ తేదీ రాసుకోండి."

కుడిచెయ్యి కదపడానికి లేదు. అక్క సంచీలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి, ఒళ్ళో పెట్టి పట్టుకుంది. వకుళ ఎడంచేత్తో, వంకర అక్షరాల్లో, ఆషాఢం అని రాసి తేదీ వేసింది.